గడప లోపలి కంచుగ్లాసు

బందరు పురమునకు తూర్పున సముద్రము గనుక సూర్యుడు అచ్చటికి ఏనాడును పొడిగా రాడు. హేమంతమున మరింత తడిసి మరింత ఆలస్యముగా వచ్చును. మార్గశీర్షమాసపు ఆ ప్రభాతమున ఉప్పుగాలితో కలిసిన మంచు పెంకుటిండ్ల చూరులనుండి బొట్టుబొట్టుగా జారుచు వాకిళ్ళలోని ముగ్గులను సగము చెరిపి పాలవాండ్ర కేకలను సయితము మెత్తబరచి ఎదుటియింటి అరుగును గూడ కానరాకుండ చేయుచుండగా ఇంటింటి వంటయింటి కిటికీనుండియు కాఫీ పరిమళము వెడలి ఒకదానితో నొకటి కలిసి వీధి యంతయు నిండియుండెను. కాఫీని సభలలో దూషించు పండితుడును సభకు బోవుటకు ముందు దానితోనే గొంతు సవరించుకొనును. దానిని మెచ్చు రసికుడును రాత్రి నిదుర రానప్పుడు దానినే తిట్టుకొనును. లోకములో ఇన్ని మాటలు పడి ఇంత మన్నన పొందిన కషాయము మరియొకటి లేదు.

ఆ వీధిలో ఒక్క యింట పరిమళము కలదు గాని పలుకు లేదు. అది చెరుకుమిల్లి విశ్వపతిరావు పంతులుగారి యిల్లు. అరువది దాటిన పంతులుగారు వంటయింట ఒంటరిగా నిలిచి కాఫీపొడి యుంచు తగరపు డబ్బా మూత తీసి ఇత్తడిచెంచాను లోనికి దింపగా అది పొడిలో దిగుటకు మారు డబ్బా అడుగున ఠంగున మ్రోగెను. వారు డబ్బాను దీపమునకు వంచి చూచిరి. అరచేతితో రెండుమార్లు తట్టిరి. ఒక్క గ్లాసునకు చాలునంతపొడి మాత్రము మూలను మిగిలియుండెను. వారి లెక్క ప్రకారము డబ్బాలో ఇంకను సగము పొడి యుండవలెను. ఆ సగము ఏమయ్యెనో తెలియుటకు ముందు ఆ లెక్క ఎట్లు పుట్టెనో పాఠకులు వినవలసియున్నది.

పంతులుగారు జిల్లాకోర్టున ముప్పది యేండ్లకు పైగా బెంచి గుమాస్తాగా నుండి పింఛను పుచ్చుకొనినవారు. సాక్షులు చెప్పు మాటలను పొల్లుపోకుండ వ్రాసికొనుట వారి వృత్తి. సాక్షి నోట ‘చూశాను’ అను మాట వెడలుచున్నంతసేపు వారి కలము ఆగకుండ సాగును. ‘విన్నాను’ అను మాట వెడలినంతనే నిలిచిపోవును. వినికిడి సాక్ష్యము చెల్లదని వారికి ఏ న్యాయాధిపతియు చెప్పనక్కరలేదు. న్యాయాధిపతులు పదుగురు మారిరి గాని ఆ కలపు నడక మారలేదు. ఇట్టి ఖచ్చితపు మనుష్యులు ఇంటికి వచ్చునప్పుడు ఆ నియమమును చెప్పులతో కూడ గుమ్మము వెలుపల విడిచిరనియే ఈ కథ.

వారి భార్య పేరిందేవమ్మ. ఆ దంపతులకు సంతానము కలుగలేదు. అత్తగారు జీవించియున్నంత కాలము ఆ యింట కాఫీ చొరలేదు. పంతులుగారు యౌవనమున పరీక్ష వ్రాయుటకు చెన్నపట్టణమునకు బోయి ఉత్తీర్ణతతో పాటు కాఫీరుచిని గూడ తెచ్చుకొనగా ఆ తల్లి ఉత్తీర్ణతకు దేవునియెదుట కొబ్బరికాయ కొట్టించి గింజల పొట్లమును పెరటిలో పాతిపెట్టించెను. ఆమె స్వర్గస్థురాలైన మరుసటి యేట కాఫీ వీధిగుమ్మము గుండనే దర్జాగా లోనికి వచ్చెను. తొలిదినమున గ్లాసు చేతికి తీసికొని పంతులుగారు భార్యతో అనిన మాట ఒక్కటే.

"ఒక్కణ్ణే తాగితే నాకు సయించదు. నువ్వూ తాగుతుంటేనే నాకది కాఫీ."

అది మక్కువయో ఆజ్ఞయో పలికిన వారికిని తెలియదు. పేరిందేవమ్మ రెండును అనుకొని తలయూపెను.

అత్తగారు పోయినను అత్తగారి కట్టుబాట్లు పోలేదు. భర్త కన్నులయెదుట భార్య కూర్చుండి ఏదియు పుచ్చుకొనరాదనునది వానిలో నొకటి. కావున సావడిలో వీధిగుమ్మము వంక ముఖమును వంటయింటి వంక వీపును ఉండునట్లు ఒక పడకకుర్చీ వేయబడెను. పేరిందేవమ్మ వెండిగ్లాసుతో కాఫీ తెచ్చి ఆ కుర్చీచేతి మీద నుంచి మరలి వంటయింటి గడపకు లోపల పీటమీద కూర్చుండును. అచ్చట ఆమె కంచుగ్లాసును చిన్న గిన్నెయు నుండును. గ్లాసునుండి గిన్నెలోనికిని గిన్నెనుండి గ్లాసులోనికిని ఆమె ఎత్తిపోయుచుండగా సన్నని ధ్వని సావడికి వినవచ్చును. ఆ ధ్వని విన్న పిదపనే పంతులుగారు తమ గ్లాసు నెత్తుదురు. వెనుకకు తిరిగి చూచుట మర్యాద కాదు; చూడవలసిన పనియు వారికి తోచలేదు. ఉదయమున నొకమారును మూడవజామున నొకమారును ముప్పదిరెండేండ్లు ఆ దంపతులు ఇట్లు కలిసి కాఫీ త్రాగిరి. మాటలు తక్కువ యైన ఆ కాపురమున ఆ చప్పుడే పెద్ద సంభాషణము.

ప్రతిమాసము మొదటి దినమున పంతులుగారే అంగడికి నడచి అరవీశె గింజలు తెచ్చెదరు. పేరిందేవమ్మ వానిని వేయించి విసరి డబ్బాకెత్తును. అవి సరిగా మాసమునకు సరిపోవును. వారమునకొకమారు ఆ యింట వేగిన ధనియాల వాసన గూడ గుప్పుమనుచుండెను. అది చారుపొడికని పంతులుగారి నమ్మకము. ఇద్దరే యున్న కొంపలో అంత చారుపొడి ఏమగుచున్నదని వారికెన్నడును సందేహము కలుగలేదు. మగవారికి తోచని విషయములను వరుసగా వ్రాయబూనినచో తాటాకులు చాలవు గనుక దీనిని తప్పుగా ఎంచరాదు.

గడచిన సంవత్సరము పేరిందేవమ్మకు రక్తము క్షీణించు పాండురోగము పట్టెను. గోళ్ళు తెల్లబారెను. నాలుగడుగులు వేసినంతనే ఆయాసము వచ్చుచుండెను. ఆసుపత్రి దొరసాని ఇనుము కలిసిన మందు నిచ్చి పాలకూరయు మునగాకును తినుమని చెప్పెను గాని అప్పటికే ఆలస్యమయ్యెను. జ్యేష్ఠమాసమున ఒక మధ్యాహ్నము ఆమె ఎవరికిని శ్రమ లేకుండ కన్నుమూసెను. ఆ యుదయము సయితము గడప లోపలినుండి గిన్నె చప్పుడు వినవచ్చెనని పంతులుగారు పదిమందికిని చెప్పుకొని దుఃఖించిరి.

పదవనాడు పరామర్శకు వచ్చిన దూరపు బంధువొకడు సావడి స్తంభమునకు చేరగిలబడి పత్రికలో తాను చదివిన సంగతి నొకదానిని లోకాభిరామముగా చెప్పెను.

"ఒంట్లో రక్తంలేని మనిషికి కాఫీ విషమేనట బావా. అక్కయ్య రెండు పూటలా తాగేదిగా మరి!"

అని చెప్పి అతడు తనకు ఇంకొక గ్లాసు కాఫీ కావలెనని అడిగి త్రాగి వెడలిపోయెను. అతనికి ఆ మాట ఆ సాయంకాలమునకే మరపు వచ్చియుండును. పంతులుగారి గుండెలో మాత్రము అది ముల్లువలె దిగి నిలిచెను. కాఫీని ఇంటికి తెచ్చిన దెవరు? వలదనిన తల్లి పోవువరకు వేచియుండి తెచ్చిన దెవరు? పల్లెటూరి మజ్జిగతో పెరిగిన పడుచునకు ‘నువ్వూ తాగు’ అని చెప్పిన దెవరు? ఎన్నడును తీర్పు చెప్పి యెరుగని ఆ గుమాస్తా ఒక్క దూరపు చుట్టపు సాక్ష్యముతో తమకు తామే హత్యానేరము విధించుకొనిరి. ఈ సంగతి చెప్పుకొనుటకు వారికి మనుష్యులు లేరు. చెప్పుకొనదగిన ఒక్క మనిషియు ఆ నేరమునకే బలియైనదని వారు తలంచుచుండిరి.

శిక్షను గూడ వారే నిర్ణయించుకొనిరి. ఆమెను కొనిపోయిన పానీయమే తమ్మును కొనిపోవలెనని ఉదయము మొదలు దీపములు పెట్టువేళ వరకు కొలత లేక వేళ లేక పరగడుపున ఒకటి స్నానమునకు ముందొకటి పిదప నొకటి అన్నమునకు మారొకటి కాచి కాచి త్రాగసాగిరి. డబ్బా ఎప్పుడు నిండునో ఎప్పుడు తరుగునో చూచినవారు లేరు. ప్రతి గ్లాసును చేతబట్టి గడపవంక చెవి యొగ్గుదురు. చప్పుడు రాదు. చప్పుడు లేని ఆ కాఫీని మందు మ్రింగినట్లు మ్రింగుదురు. ఇట్లు శ్రావణ భాద్రపదములు గడచెను. చేతులు వణక నారంభించెను. గొంతులో పులిత్రేనుపులును రొమ్ములో మంటయు పుట్టెను. నిదుర పూర్తిగా దూరమయ్యెను. గుండె ఊరకయే దడదడలాడి అంతలో ఒక దెబ్బ తప్పినట్లు నిలిచి మరల పరుగెత్తుచుండెను. ఒకనాటి యుదయము నూతికడ తల తిరిగి కూలబడగా అంట్లు తోము నాంచారి చూచి పరుగున బోయి భావనాచార్యులవారిని తోడ్కొని వచ్చెను.

నాంచారి ఆ యింటి పనిమనిషి. ఆమెకు ముందు ఆమె తల్లి అచ్చట పనిచేసెను. భావనాచార్యులవారు ఆ పేటలో పేరుపొందిన వైద్యులు. నాడిని మూడు వ్రేళ్ళతో పట్టి మనుష్యుని దాపరికమును నాలుగవ వ్రేలితో పట్టుదురని జనులందురు. వారు పంతులుగారి చేయి పట్టి చూచి కనురెప్ప దించి చూచి పిదప కుర్చీ క్రింద బారులు తీరిన ఎంగిలి గ్లాసుల వంక చూచి దినమునకెన్నియని అడిగిరి. లెక్క లేదని పంతులుగారు చెప్పిరి. లెక్కలేదనుట ఆ నోట ఆచార్యులవారు వినుట అదే మొదలు.

అప్పుడాచార్యులవారు పీట వేయించుకొని కూర్చుండి చాలసేపు మాటలాడిరి. కాఫీ అమృతమును గాదు హాలాహలమును గాదు. మితముగా పుచ్చుకొనువారికి అది మాంద్యమును పోగొట్టి బుద్ధిని తేటపరచును. కొందరికి తలనొప్పిని మాన్పును. రెండుపూటల రెండుగ్లాసులు త్రాగుచు ఎనుబదియేండ్లు కులాసాగా తిరిగినవారిని వారే యెరుగుదురు. అదియే పరగడుపున పడినచో పిత్తమును రేపును. ప్రొద్దు వాలిన పిదప పడినచో నిదురను హరించును. హద్దు మీరినచో గుండెను తరుమును. గర్భిణులు దానిని తగ్గించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది దేహతత్త్వము. ఒకరు నాలుగు గ్లాసులు త్రాగి గుర్రుపెట్టి నిదురింతురు. ఒకరికి ఒక్క గుక్కకే గుండె దడదడలాడి కన్నులు తిరుగును. కొలతయు వేళయు మనిషియు చూడక కాఫీ మంచిదా చెడ్డదా అని అడుగుట కత్తి మంచిదా చెడ్డదా అని యడిగినట్లుండునని ముగించిరి.

పంతులుగారు అంతయు విని సాక్షిని ప్రశ్నించు వకీలువలె గొంతు తగ్గించి యడిగిరి.

"ఒంట్లో రక్తం తక్కువైన మనిషి ముప్పై ఏళ్ళ బట్టీ తాగుతూ ఉంటే?"

పేరిందేవమ్మకు వైద్యము ఆసుపత్రిలో జరిగినది గనుక ఆచార్యులవారు ఆ ప్రశ్న ఎవరిని గురించినదో యెరుగరు. ఎరిగియున్నచో మాట వెనుకకు తీసికొని యుందురు.

"మంచిది కాదు పంతులుగారూ. అన్నం తిన్న వెంటనే అయితే బొత్తిగా కాదు. తిన్న తిండిలో ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఇచ్చిన మందునీ పట్టనివ్వదు."

పంతులుగారు కన్నులు మూసికొనిరి. చేతిలోని నాడి జారుట చూచి ఆచార్యులవారు నీరసమని తలంచిరి. దుఃఖమునకును నీరసమునకును నాడి ఒక్కటియే యగుట వైద్యశాస్త్రములోని లోపము గాబోలు.

మందుగా వారు కాఫీని మాన్పలేదు. అలవాటుపడిన దేహమునకు ఒక్కసారిగా మాన్పినచో తలపోటును చిరాకును మనోవ్యాకులతయు కలుగుననియు ఇప్పటికే వ్యాకులపడిన మనిషికి అది తగదనియు చెప్పి ఉదయమున ఏదేని తినిన పిదప ఒక గ్లాసును మూడవజామున ఒక గ్లాసును మాత్రము పుచ్చుకొనుమని విధించిరి. పంతులుగారు ఆ విధి పాటింతురని వారికి నమ్మకము కుదరలేదు. చావ నిశ్చయించుకొనిన వానికి పథ్యమేమి? లేచి వెడలుచు గుమ్మముకడ నిలిచి వెనుకకు తిరిగి ఒక్క మాట అనిరి.

"ఆవిడ మీకు కొలిచిపెట్టిన కొలత ఒకటి ఉండే ఉంటుంది. అది దాటకండి. అంతే."

ఆ మాట పనిచేసెను. పంతులుగారు జీవితమున మొదటిసారిగా వంటయింటి అరలు వెదకి ఒక మూలను పడియున్న ఇత్తడిచెంచాను పట్టుకొనిరి. దాని యంచు ఒకవైపు అరిగి నునుపెక్కియుండెను. అమ్మగారు గ్లాసునకొక చెంచా తీసి వ్రేలితో తల గొట్టి వేయుచుండిరని నాంచారి చెప్పెను. కార్తికమాసపు మొదటి దినమున పంతులుగారు అరవీశె గింజలు తెచ్చి వేయించి విసరించి డబ్బాకెత్తిరి. పూటకొక్క చెంచా తలగొట్టి వేసికొనిరి. అధికముగా ఒక్క నలుసు వేయలేదు. వణకు తగ్గెను. గుండె నెమ్మదించెను. అర్ధరాత్రివరకైనను మేలుకొను కన్నులు జాము ప్రొద్దుపోకుండగనే మూతపడసాగెను. దేహము బాగుపడుచుండుట చూచి వారికి సంతోషము కలుగలేదు. ఆమె కొలతకు లోబడియుంటిననునదియే వారి తృప్తి. ఇద్దరికి మాసము వచ్చిన అరవీశె ఒక్కరికి రెండు మాసములు రావలెను గదా అని వారు లెక్క వేసికొనిరి. ఆమె భాగము డబ్బాలో అట్లే నిలిచియుండుననునది వారికొక విధమైన తోడు. మాసము చివరను సగము డబ్బా కన్నులార చూచుకొనవలెనని దినములు లెక్కించుచుండిరి.

ఆ మాసము నిండిన మరునాడే మార్గశీర్షపు ఆ మంచుప్రభాతము. ఆ దినముననే చెంచా అడుగున మ్రోగెను.

పంతులుగారి కోపము మాటలు లేని కోపము. వారు డబ్బాను సావడిలోనికి తెచ్చి కుర్చీచేతి మీద నుంచి నాంచారి వచ్చువరకు నిలిచియేయుండిరి. పోయినది పొడి మాత్రమే యైనచో వారు పెదవి కదపకుందురు. పోయినది ఆమె భాగము. నాంచారి పెరటిదారిని వచ్చి అంట్లగంప నెత్తబోవుచుండగా వారు పిలిచి డబ్బాను చూపి ఇంటిలోనికి వచ్చువారెవరని యడిగిరి. తానొక్కతెనే యని ఆమె చెప్పెను. ఇందులో సగముపొడి యుండవలెననియు లేదనియు వారు చెప్పిరి.

"నేను తీశానంటారా బాబుగారూ?"

"నేనేమీ అనటంలేదు. లెక్క అంటోంది."

నాంచారి చేతులను కొంగున తుడిచికొని గడపకడ చతికిలబడెను. ముప్పదియేండ్లు తల్లియు కూతురును చేసిన చాకిరికి ఆనాడు దొరికిన మాట అది. ఆమె కన్నులు నిండెను.

"లెక్కే తప్పండి బాబుగారూ. అమ్మగారు కాఫీ తాగితేగా, సగం మిగలటానికి."

పంతులుగారు ఆ మాట బోధపడనట్లు చూచిరి. నాంచారి కన్నుతుడిచికొని చెప్పసాగెను. తొలిదినమున అయ్యగారి మాట కాదనలేక పేరిందేవమ్మ ఒక గ్లాసు త్రాగెనట. త్రాగిన ఘడియలోనే గుండె గబగబ కొట్టుకొని చెమటలు పట్టి, అయ్యగారు స్నానమునకు బోయిన వేళ పొయ్యికడ పడిపోగా నాంచారి తల్లి మొగమున నీళ్ళు చల్లి లేపెనట. ఆ దేహమునకు కాఫీ పడదు. ఆ సంగతి చెప్పినచో తోడులేని కాఫీ సయింపదనిన మనిషి తానును మానివేయునని పేరిందేవమ్మ ఊహించెనట. మరునాడు మొదలుకొని వేయించిన ధనియాలును చిటికెడు సొంఠియు బెల్లపు ముక్కయు వేసి కాచుకొని ఆ కషాయమునే కంచుగ్లాసులో పోసికొని పీటమీద కూర్చుండెనట. ఎవరికిని చెప్పవలదని తల్లిచేత ఒట్టు వేయించుకొనెను. తల్లి పోయిన పిదప కూతురిచేత వేయించుకొనెను.

"నేను విన్నాను నాంచారీ," అని పంతులుగారు అడ్డుపడిరి. "రోజూ విన్నాను. ముప్పై రెండేళ్ళు విన్నాను."

"విన్నారండి. చూళ్ళేదు."

నాంచారి ఆ మాటను దెప్పుటకు అనలేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పెను. ముప్పదియేండ్లు పరుల సాక్ష్యములు వ్రాసిన ఆ వృద్ధుడు ఆ రెండు మాటల యెదుట చేష్ట తప్పి నిలిచెను. వినికిడి సాక్ష్యము చెల్లదు. ఒక్కమారు మెడ త్రిప్పినచో చాలియుండును. ఆ మెడ తిరుగలేదు.

"ఒక్కనాడూ తాగలేదా?" అని వారడిగిరి.

"ఆ మొదటినాడే అండి. చివరాఖరికి ధనియాలు కూడా సయించక ఉత్త వేణ్ణీళ్ళే పోసుకునేవోరు. ‘చప్పుడు రాకపోతే ఆయన గ్లాసెత్తరే’ అని."

"అయితే కాఫీ వల్ల కాదన్నమాట."

"ఏదండి?" అని నాంచారి యడిగెను. ఆమెకు ఆ నేరమును తెలియదు ఆ శిక్షయు తెలియదు. పంతులుగారు తడవి తడవి కుర్చీని పట్టుకొని కూర్చుండిరి. ఆమెమీద మోపిన మాట తప్పనియు తాను వెనుకకు తీసికొనుచుంటిననియు నాంచారితో చెప్పిరి. ఆమె అదేమి లెండని గంప నెత్తుకొని నూతికడకు పోయెను. అయినను ఆనాడు అంట్లు ఎన్నడును లేనంత పెద్దగా మ్రోగెను. కడుపులోని మాట ఎచ్చటనో ఒకచోట వెడలవలెను గదా.

పంతులుగారి హత్యాదోషము తొలగెను. ఆరుమాసములుగా రొమ్ముమీద నుండిన బండ దిగినందున వారు మొదట ఊపిరి నిండుగా పీల్చుకొనిరి. ఆమెను చంపినది కాఫీ గాదు. తాము గాదు. ఆ యుపశమనము మధ్యాహ్నమువరకు నిలిచెను. పిదప ఆ ఖాళీయైన చోట మరియొకటి వచ్చి కూర్చుండెను. దాని బరువు తక్కువ గాని దానికి తుది లేదు. కలిసి త్రాగితిమనుకొనిన ముప్పదిరెండేండ్లలో ఏ ఒక్క యుదయమును వారు కలిసి త్రాగలేదు. ఏది మీకిష్టమని ఆమె వేయిమార్లు అడిగెను. నీకు పడినదా అని వారు ఒక్కమారును అడుగలేదు. ఆమె తమకు తోడుండెను గాని ఆమెకు తోడెవరును లేరు. ఇన్నాళ్ళు తాము ఒంటరివారమని దుఃఖించిన పంతులుగారికి ఆ యింట మొదటి ఒంటరి మనిషి ఎవరో అప్పటికి గాని తెలియలేదు. తెలిసి ఆ మధ్యాహ్నమంతయు చిన్నపిల్లవానివలె ఏడ్చిరి.

మరునాటి యుదయము మంచు మరింత దట్టముగా దిగెను. పంతులుగారు రెండు పొయ్యిలు రాజేసిరి. అంగడికి బోయి కొత్తగింజలు తెచ్చుటకు వ్యవధి లేక డబ్బా అడుగున మిగిలిన పొడితోనే వెండిగ్లాసునకు కాఫీ కాచిరి. రెండవ పొయ్యిమీద ధనియాలు వేయించిరి. కొన్ని మాడెను. నలుగగొట్టి సొంఠియు బెల్లమును వేసి మరిగించి వడబోసి కంచుగ్లాసులో పోసిరి. వెండిగ్లాసును దీసికొనిపోయి అలవాటుగా కుర్చీచేతి మీద నుంచి మరలి వచ్చి గడప లోపలి పీటమీద కూర్చుండిరి. పీట వారికి ఇరుకు. మోకాళ్ళు నొచ్చెను. కంచుగ్లాసునుండి గిన్నెలోనికి ఎత్తిపోయగా ఆ చప్పుడు వచ్చెను, అదే చప్పుడు. ఒక గుక్క త్రాగిరి. ఘాటుగాను వగరుగాను మాడువాసనగాను ఉండెను. అందులో కాఫీరుచి రవ్వంతయు లేదు. ముప్పదిరెండేండ్లు దీనిని త్రాగి సంతోషముగా గిన్నె మ్రోగించుట ఎవరికి సాధ్యమని వారు తలయెత్తి సావడివంక చూచిరి.

ఆమె కూర్చుండిన చోటినుండి ఆమె ప్రతిదినము చూచినది అప్పుడు వారికి కానవచ్చెను. పడకకుర్చీ వెనుకభాగము. తల ఆనుచోట నూనె మరక తేలి నలుపెక్కిన గుడ్డ. కుర్చీకి కుడిచేతివైపున వెండిగ్లాసుయొక్క అంచు. అంతకంటె ఏమియు లేదు. వీధిగుమ్మమును వెలుగును వచ్చిపోవు మనుష్యులును కుర్చీకి ఆవలనే యుండెను. ఒక గ్లాసు లేచుటయు దిగుటయు చూచి లోపలి మనిషి సంతోషమును ఊహించుకొనవలెను. పంతులుగారు ఆ కుర్చీ వీపును చాలసేపు చూచిరి. కషాయము చల్లారెను. అయినను చివరిచుక్కవరకు త్రాగి కంచుగ్లాసును కడిగి మరల నింపి పీటమీద నుంచిరి.

పిదప సావడిలోనికి వచ్చి బరువైన ఆ పడకకుర్చీని రెండుచేతులతో ఎత్తలేక ఈడ్చి వంటయింటి గడపకు ఎదురుగా త్రిప్పి వేసిరి. నేలమీద దాని కాళ్ళు పాతుకొనిన చోట నాలుగు తెల్లని గుంటలు కానవచ్చెను. అందు కూర్చుండి పీటమీది కంచుగ్లాసు వంక చూచుచు తమ గ్లాసు నెత్తి త్రాగిరి. కాఫీ మేలు చేయునా కీడు చేయునా అనునది మనిషిని బట్టియు కొలతను బట్టియు ఉండునని భావనాచార్యులవారు చెప్పినది నిజము. ఎదుటి మనిషికి పడినదో లేదో కనుగొనుటకు మాత్రము నాడి పట్టనక్కరలేదు, ముఖము చూచిన చాలును.

ఆ దినము మొదలుకొని ప్రతి యుదయమును ఆ యింట రెండు పరిమళములు లేచుచుండెను. పంతులుగారు లోకముమీద విరక్తిచే వీధికి పెడమొగము పెట్టిరని కొందరును వయసు మీద పడినందున మతి చెదరెనని కొందరును అనుకొనిరి. నాంచారి విని ఊరకుండెను. వీధిని పోవువారికి మాత్రము అప్పటినుండి పంతులుగారి ముఖము కానరాలేదు. తెరచియున్న గుమ్మములోనుండి కుర్చీ వెనుకభాగము మాత్రమే కానవచ్చుచుండెను.